ఆర్మేనియన్ వీధి దేవాలయం: రెండున్నర శతాబ్దాల చరిత్ర

చెన్నై హైకోర్టుకు కూతవేటు దూరంలో, జార్జిటౌన్ ఆర్మేనియన్ వీధిలో, 1772 అని రాసివున్న తెల్లటి ముఖద్వారం ఒకటుంది. బయట సరుకు బళ్లు, మోటారు సైకిళ్లు, వకీళ్ల బోర్డులు. తెలియనివాళ్లు అదేదో పాత బంగళా అనుకుని దాటిపోతారు. బరువైన ఆ చెక్క తలుపు దాటి లోపలికి వెళితే మరియమాత పేర వెలసిన ఆర్మేనియన్ చర్చి కనిపిస్తుంది. ఇప్పుడున్న కట్టడానికి 2022తో 250 ఏళ్లు నిండాయి.

ఆర్మేనియన్లు మద్రాసుకు వర్తకం కోసం వచ్చారు. వారిలో చాలామంది మూలాలు పర్షియాలో, ఇస్ఫహాన్ పక్కనున్న న్యూ జుల్ఫాలో ఉన్నాయి. 1688లో ఈస్టిండియా కంపెనీతో వాళ్లు ఒక ఒప్పందం చేసుకున్నారు. కంపెనీ ఏలుబడిలోని ఏ పట్టణంలోనైనా నలభై మంది ఆర్మేనియన్లు స్థిరపడితే అక్కడ వారికి చర్చి ఏర్పాటు చేయాలి, పురోహితుడికి ఏడేళ్లపాటు ఏటా 50 పౌండ్లు ఇవ్వాలి. వ్యాపార ఒప్పందంలో ప్రార్థనా స్థలానికీ చోటు అడిగి తీసుకున్న జాతి అది. మద్రాసులో వారి తొలి చర్చి 1712లో లేచింది. కోటకు దగ్గరలో ఉన్న ఆ కట్టడం నిలవలేదు. తర్వాత ఆగా షామీర్ కుటుంబానికి చెందిన స్థలంలో, ఆర్మేనియన్ల శ్మశానం ఉన్నచోట, ఇప్పటి చర్చి వెలిసింది.

అందుకే ఇక్కడ ఆవరణలో పరిచిన రాళ్లలో చాలావరకు సమాధి ఫలకాలే. వాటి మీద ఆర్మేనియన్ లిపి ఇంకా కనిపిస్తుంది. చర్చికి విడిగా నిలిచిన గోపురంలో ఆరు గంటలున్నాయి. ఒక్కొక్కటి సుమారు 150 కిలోల బరువు. అన్నీ ఒకేసారి పోతపోసినవి కావు, 1754 నుంచి 1837 దాకా వేర్వేరు కాలాలవి. రెండింటి మీద లండన్ పోతగాడు థామస్ మియర్స్ పేరుంటే, మరొకదాని మీద తమిళ అక్షరాలున్నాయి. ఆ గంటలను ఆదివారం ఉదయం ఇప్పటికీ మోగిస్తారు.

ఈ చర్చి పేరు చెప్పగానే తలచుకోవలసిన మనిషి హరుత్యున్ ష్మవోన్యన్. షిరాజ్ నుంచి వచ్చి ఇక్కడ పౌరోహిత్యం చేసిన ఈయన 1794లో ‘అజ్దరార్’ పత్రిక మొదలుపెట్టారు. ప్రపంచంలో ఆర్మేనియన్ భాషలో వెలువడిన మొట్టమొదటి పత్రిక అదే. నడిచింది రెండేళ్లే, వచ్చినవి 18 సంచికలే. అయినా ఆర్మేనియన్ పత్రికా రచనకు పుట్టినిల్లు మద్రాసే అయింది. 1824లో కన్నుమూసిన ఆయన సమాధి ఈ ఆవరణలోనే ఉంది.

ఆర్మేనియన్ల దాతృత్వం చర్చి గోడల దగ్గర ఆగలేదు. ఖోజా పెట్రస్ ఉస్కాన్ అనే వర్తకుడు సైదాపేట దగ్గర అడయారు నది మీద 1726లో సొంత ఖర్చుతో వంతెన కట్టించాడు. సెయింట్ థామస్ కొండకు మెట్లు వేయించిందీ ఆయనే.

తెలుగువారికీ జార్జిటౌన్ పరాయిది కాదు. ఆర్మేనియన్ వీధి పక్కనున్న బ్రాడ్వే ఇప్పుడు ప్రకాశం సాలై. సైమన్ కమిషన్ వచ్చిన 1928లో ఆంధ్రకేసరి ప్రకాశం తుపాకులకు ఎదురు రొమ్ము చూపింది ఈ ప్రాంతంలోనే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో దినపత్రికగా మార్చిన ‘ఆంధ్రపత్రిక’ కొలువుదీరిన తంబుచెట్టి వీధి ఇక్కడికి నడకదూరం. సొంతగడ్డకు దూరంగా బతికే జనానికి గుడీ, అచ్చుయంత్రం ఎంత ఆసరాయో ఆర్మేనియన్ వీధీ, తంబుచెట్టి వీధీ చెబుతాయి.

ఈనాడు మద్రాసులో ఆర్మేనియన్ కుటుంబాలు లేవనే చెప్పాలి. నిత్య ఆరాధనలు జరపడానికి సంఘస్థులు లేరు. అయినా కోల్‌కతాలోని వారి చర్చి కమిటీ ఈ ఆలయాన్ని శుభ్రంగా, చక్కగా కాపాడుతోంది. మనుషులు వెళ్లిపోయినా వారసత్వాన్ని వదులుకోనక్కర్లేదని ఇంతకంటే బాగా ఎవరూ చూపలేరు.

చెన్నై వెళ్లే తెలుగువారు ఒక పూట ఈ చర్చిని తప్పక దర్శించాలని మనవి. జార్జిటౌన్‌లో మన పత్రికలు, ముద్రణాలయాలు నడిచిన ఇళ్లను గుర్తించి, ఫలకాలు పెట్టించి, వాటి చరిత్రను రాసిపెట్టే బాధ్యతను మన సాహిత్య సంఘాలు ఇకనైనా తీసుకోవాలి.