ఏఆర్, వీఆర్ యాప్‌లు – మొబైల్ నెట్‌వర్క్‌ల వేగం

కళ్లెదుట ఉన్న దృశ్యం మీద కంప్యూటర్ గీసిన బొమ్మను కలిపి చూపే పద్ధతి ఆగ్మెంటెడ్ రియాలిటీ, పొడి అక్షరాల్లో ఏఆర్. చుట్టూ ఉన్న లోకాన్ని పూర్తిగా మరుగుపరచి దాని స్థానంలో కల్పిత లోకాన్ని నిలిపేది వర్చువల్ రియాలిటీ, అంటే వీఆర్. రెండూ మొబైల్ ఫోన్ కంటే ముందే పుట్టినా, జనం చేతికి ప్రధానంగా ఫోన్ ద్వారానే అందాయి. 3జీ నుంచి 5జీ దాకా ప్రతి తరం నెట్‌వర్క్‌నూ టెలికాం సంస్థలు సెకనుకు ఎన్ని మెగాబిట్లు అనే లెక్క చెప్పి అమ్మాయి. ఈ యాప్‌లు బాగా పనిచేస్తాయా లేదా అన్నది మాత్రం ఆ లెక్కకంటే మరి మూడింటి మీద ఎక్కువగా ఆధారపడింది: అడిగినదానికి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం (దీన్నే లేటెన్సీ అంటారు), ఆ సమయంలో నిలకడ, ఫోన్ నుంచి టవర్‌కు పంపే అప్‌లోడ్ సామర్థ్యం.

తొలి ప్రయోగాలు

1968లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఇవాన్ సదర్లాండ్ తన విద్యార్థులతో కలిసి తయారుచేసిన తలసాధనం ఎంత బరువంటే, దాన్ని పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. దాన్ని తగిలించుకుని వీధిలోకి నడవడం అనే ప్రశ్నే లేదు. ఆ గడప దాటించింది 1997లో కొలంబియా విశ్వవిద్యాలయంలో స్టీవెన్ ఫైనర్ బృందం రూపొందించిన ‘టూరింగ్ మెషీన్’. వీపున కంప్యూటర్ మూట, తలకు పారదర్శక తెర, జీపీఎస్, రేడియో మోడెమ్. క్యాంపస్‌లో నడుస్తూ ఏ భవనం వైపు చూస్తే దాని పేరు గాలిలో కనిపించేది. మరిన్ని వివరాలు చేతిలోని చిన్న తెర మీదికి వైర్‌లెస్‌గా వచ్చేవి. సంచార ఏఆర్‌కూ నెట్‌వర్క్‌కూ ముడి పడింది ఇక్కడే.

2003లో వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో డేనియల్ వాగ్నర్, డీటర్ ష్మాల్‌స్టీగ్ అరచేతి కంప్యూటర్ మీద ఏఆర్‌ను నడిపి చూపారు. అవసరమైతే కెమెరా దృశ్యాన్ని విశ్లేషించే పనిని వైర్‌లెస్ ద్వారా సర్వర్‌కు అప్పగించే వీలు అందులో ఉంది. ఏ పని చేతిలోని పరికరం చేయాలి, ఏ పని దూరంగా ఉన్న సర్వర్ చేయాలి అన్న ఆ ప్రశ్న ఈ రంగాన్ని నేటికీ వదల్లేదు.

3జీ, 4జీ కాలం

జపాన్‌లో ఎన్‌టీటీ డొకోమో 2001 అక్టోబర్ 1న వాణిజ్య 3జీ సేవలను ప్రారంభించింది. ఏఆర్ యాప్‌లు మాత్రం జీపీఎస్, దిక్సూచి, కెమెరా మూడూ ఉన్న స్మార్ట్‌ఫోన్లు వచ్చాకే బయటపడ్డాయి: 2008లో ఆస్ట్రియా నుంచి వికిట్యూడ్, 2009లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి లేయర్. ఫోన్ ఎత్తిపట్టుకుంటే దగ్గరలోని కట్టడాల, హోటళ్ల పేర్లు తెర మీద తేలేవి. నెట్‌వర్క్ మోసుకొచ్చేది కొద్దిపాటి అక్షరాలనే కాబట్టి అర సెకను ఆలస్యమైనా నష్టం లేదు.

స్వీడిష్ సంస్థ టెలియాసొనెరా 2009 డిసెంబర్ 14న స్టాక్‌హోమ్, ఓస్లో నగరాల్లో 4జీని ప్రారంభించింది. ఆ తరానికి గుర్తుండిపోయిన ఏఆర్ యాప్ 2016 జులైలో నియాంటిక్ విడుదల చేసిన ‘పోకెమాన్ గో’. భారత్‌లో అది అదే ఏడాది డిసెంబర్‌లో జియో భాగస్వామ్యంతో వచ్చింది. ఈ ఆట వాడే డేటా తక్కువే. అయినా 2017 జులై 22న షికాగోలోని గ్రాంట్ పార్కులో జరిగిన ఉత్సవానికి దాదాపు ఇరవై వేల మంది వచ్చి ఒకేసారి ఆట తెరవడంతో మొబైల్ నెట్‌వర్క్‌లు చేతులెత్తేశాయి. ఆటలోని సాంకేతిక లోపాలు కూడా తోడయ్యాయి. నియాంటిక్ టికెట్ డబ్బు వాపసు ఇవ్వాల్సి వచ్చింది. ఒక్కో ఫోన్‌కు ఎంత వేగం వస్తుందన్నదానికంటే ఒకే చోట ఎన్ని ఫోన్లకు సేవ అందుతుందన్నది పెద్ద ప్రశ్న అని ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది.

అదే ఏడాది ఆపిల్ ఏఆర్‌కిట్, గూగుల్ ఏఆర్‌కోర్ అనే సాఫ్ట్‌వేర్ సాధనాలను ప్రకటించాయి. నేలను, గోడను గుర్తించి బొమ్మను కదలకుండా నిలిపే పనిని ఫోనే సొంతంగా చేయసాగింది. ఏఆర్ అభివృద్ధిలో అతి పెద్ద అడుగు ఇదేనని చెప్పవచ్చు, ఇందులో నెట్‌వర్క్ పాత్ర లేదు.

మిల్లీసెకన్ల లెక్క

వీఆర్‌లో తల తిప్పిన క్షణం నుంచి తెర మీద దృశ్యం మారేదాకా గడిచే సమయం 20 మిల్లీసెకన్లు దాటకూడదన్నది ఈ రంగంలో స్థిరపడిన కొలత. దాటితే కన్ను చెప్పేదానికీ లోపలి చెవి చెప్పేదానికీ పొంతన కుదరక తల తిరుగుతుంది, వికారం పుడుతుంది. తెర సెకనుకు 90 చిత్రాలు చూపిస్తే ఒక్కో చిత్రానికి దొరికేది 11 మిల్లీసెకన్లే. 4జీ నెట్‌వర్క్‌లో రానూపోనూ 30 నుంచి 50 మిల్లీసెకన్లు గడవడం మామూలు. అందుకే దృశ్యాన్ని పూర్తిగా సర్వర్‌లో గీసి పంపాలన్న ఆలోచన 4జీ మీద నిలవలేదు.

దీనికి దారి చూపింది ఒక సాఫ్ట్‌వేర్ ఉపాయం. దృశ్యం కాస్త పాతదే అందినా, తెర మీద వేసే చివరి క్షణంలో తల ఎటు తిరిగిందో చూసి దాన్ని ఆ మేరకు జరిపి చూపించడం. ‘టైమ్‌వార్ప్’ అనే ఈ పద్ధతిని గేమ్ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ ప్రాచుర్యంలోకి తెచ్చారు. బరువైన చిత్రరచన సర్వర్‌కు, చివరి సవరణ హెడ్‌సెట్‌కు అన్న పని విభజన దీనివల్లే సాధ్యమైంది. అయితే తల తిప్పడం వల్ల వచ్చే తేడాను ఇది సర్దినంత బాగా, ఎదురుగా దూసుకొచ్చే వస్తువు కదలికను సర్దలేదు.

మిగిలిన అడ్డంకి దూరం. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్‌లోని ఫోన్‌కు 600 కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని ముంబయి సర్వర్ నుంచి జవాబు రావాలంటే దారిలోనే కనీసం 6 మిల్లీసెకన్లు కరిగిపోతాయి. ఏ తరం నెట్‌వర్క్ వచ్చినా దీన్ని తగ్గించలేదు, సర్వర్‌నే దగ్గరకు తేవాలి. ఐరోపా ప్రమాణాల సంస్థ ఎట్సీ 2014లో మొదలుపెట్టిన ఎడ్జ్ కంప్యూటింగ్ కృషి లక్ష్యం అదే. 2022 నవంబర్‌లో అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాలను హైదరాబాద్‌లో తెరవడం తెలుగు రాష్ట్రాల వాడకందార్లకు ఈ కోణంలో మేలు చేసిన పరిణామం.

కొరియా అనుభవం

2019 ఏప్రిల్ 3 రాత్రి దక్షిణ కొరియాలోని మూడు టెలికాం సంస్థలు 5జీని ప్రారంభించాయి. 5జీతో కొత్తగా ఏం చేయవచ్చు అన్న ప్రశ్నకు అవి ఎంచుకున్న ప్రధాన జవాబుల్లో ఏఆర్, వీఆర్ ఉన్నాయి. అంతకు కొన్ని రోజుల ముందే ఇంచియాన్ బేస్‌బాల్ మైదానంలో ఎస్‌కే టెలికామ్ ఏఆర్‌తో ఒక మహాకాయ డ్రాగన్‌ను ఎగరేసి చూపించింది. ఎల్‌జీ యూప్లస్ 2020 ఆగస్టులో ఎన్‌రియల్ సంస్థ కళ్లద్దాలను మార్కెట్లోకి తెచ్చింది.

జనం మాత్రం ఆ ఉత్సాహాన్ని పంచుకోలేదు. అత్యధిక వేగం ఇవ్వగల 28 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలను దాటలేవు, వాటికి టవర్లు దగ్గరదగ్గరగా కావాలి. సంస్థలు వాటిని చాలినన్ని కట్టలేదు. 2022, 2023 సంవత్సరాల్లో ప్రభుత్వం ఆ తరంగాల కేటాయింపును మూడు సంస్థల నుంచీ వెనక్కి తీసుకుంది. 5జీ వేగం గురించి ప్రకటనల్లో అతిగా చెప్పినందుకు 2023 మేలో వాటికి కలిపి సుమారు 3,360 కోట్ల వోన్‌ల జరిమానా పడింది.

భారత్‌లో

వాణిజ్య నెట్‌వర్క్ మీద 5జీని దేశంలో మొదటిసారి ప్రదర్శించినట్టు ఎయిర్‌టెల్ ప్రకటించింది 2021 జనవరి 28న, హైదరాబాద్‌లోనే. మరుసటి ఏడాది మార్చిలో ఆ సంస్థ మానేసర్‌లో చేసిన ప్రదర్శన మరింత చెప్పుకోదగ్గది. 1983 ప్రపంచ కప్‌లో జింబాబ్వే మీద కపిల్ దేవ్ అజేయంగా చేసిన 175 పరుగులకు టీవీ రికార్డింగ్ లేదు. ఆ ఇన్నింగ్స్‌లోని ఘట్టాలను పునఃసృష్టించి 5జీ ఫోన్లలో చూపించారు. చూసినవారు కోణాలు మార్చుకోగలిగారు. ఒక తరం చెవులతో మాత్రమే తెలుసుకున్న ఆటను కళ్లముందుకు తేవడం ఈ సాంకేతికతకు తగిన పని.

దేశంలో 5జీ 2022 అక్టోబర్ 1న ప్రారంభమైంది. అదే నెలలో ఎయిర్‌టెల్, నవంబర్‌లో జియో హైదరాబాద్‌లో సేవలు మొదలుపెట్టాయి. 2023 ఐపీఎల్ సమయంలో ఫోన్‌ను అమర్చుకుని చూసే జియోడైవ్ పరికరం 1,299 రూపాయలకు వచ్చింది. ఇలాంటి పరికరంలో చూసే 360 డిగ్రీల వీడియోలో ఒక చిక్కుంది: చుట్టుకొలత మొత్తానికి 3,840 పిక్సెళ్లు ఉన్నా, ఒక్క చూపులో పట్టే 90 డిగ్రీలకు మిగిలేది 960. 4కే అని పేరున్నా దృశ్యం మసకగా కనిపించేది అందుకే. చూపు నిలిచిన భాగాన్నే నాణ్యంగా పంపడం దీనికి పరిష్కారం. తల తిరిగిన వెంటనే కొత్త భాగం అందాలి కనుక మళ్లీ లేటెన్సీయే నిర్ణయిస్తుంది.

ప్రమాణాల్లో మార్పు

మొబైల్ నెట్‌వర్క్ ప్రమాణాలను రూపొందించే 3జీపీపీ 2024లో ఖరారుచేసిన విడుదల 18, ఈ యాప్‌ల స్వభావాన్ని నెట్‌వర్క్‌కు నేర్పింది. ఒక చిత్రానికి చెందిన డేటా ప్యాకెట్లన్నింటినీ ఒకే గుంపుగా చూస్తుంది. కొన్ని పోయి చిత్రం పనికిరాకుండా పోతే మిగతావాటిని మోయడం మానుకోవచ్చు. సెకనుకు 60 చిత్రాలంటే ఒక్కో చిత్రానికి 16.67 మిల్లీసెకన్లు. మధ్యమధ్య నిద్రపోతూ, పూర్ణ సంఖ్యల మిల్లీసెకన్ల వ్యవధుల్లోనే మేల్కొనే పాత ఫోన్ రేడియో దానితో లయ తప్పేది. భిన్నాల్లోనూ మేల్కొనే వీలిచ్చి ఆ లోపాన్ని సరిదిద్దారు. దీనివల్ల బ్యాటరీ కూడా ఆదా అవుతుంది.

ఇంత జరిగినా 2024లో వచ్చిన ఆపిల్ విజన్ ప్రోలో గానీ, మెటా క్వెస్ట్ హెడ్‌సెట్లలో గానీ సిమ్ కార్డుకు చోటు లేదు, అవి వై-ఫై మీదే నడుస్తాయి. ముఖం మీద పెట్టుకునే పరికరానికి మోడెమ్ వేడి, బ్యాటరీ బరువు భారమే. ఏఆర్ కళ్లద్దాలకు అప్‌లోడ్ సమస్య కూడా ఉంది. కెమెరా దృశ్యాన్ని అవి ఎడతెగకుండా పంపాలి, కానీ 5జీ నెట్‌వర్క్‌లు సాధారణంగా ఎక్కువ సమయాన్ని డౌన్‌లోడ్‌కే కేటాయిస్తాయి. 2023 నవంబర్‌లో అంతర్జాతీయ టెలికాం సంఘం ఆమోదించిన 6జీ రూపరేఖలో ఏఆర్, వీఆర్‌లను కలుపుకున్న ‘ఇమ్మర్సివ్ కమ్యూనికేషన్’ ఆరు ప్రధాన వినియోగాల్లో ఒకటి.