ఆరు చిల్లుల రిసీవర్

మా బాబాయి 2008లో అమెరికా నుంచి వస్తూ ఒక ఏవీ రిసీవర్ పట్టుకొచ్చాడు. పదకొండు కేజీల పెట్టె. దానికోసం బట్టలన్నీ అక్కడే వదిలేశాడని పిన్ని ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. పైగా అది 120 వోల్టుల సరుకు, మన 230కి తగిలిస్తే అంతే సంగతులు. కోఠీలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని దానికి జత చేశాడు. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్‌మనేది గానీ రిసీవర్ మాత్రం ఒక్కసారీ మొరాయించలేదు.

మొన్న వాళ్ళు 4కే టీవీ కొన్నారు. రిసీవర్ మధ్యలో ఉంటే 4కే రావట్లేదు. షోరూం కుర్రాడు "పాతది తీసేసి సౌండ్‌బార్ కొనుక్కోండి సార్" అన్నాట్ట. పాత సామాన్లవాడికి ఇచ్చేసే ముందు "ఒరే, నువ్వోసారి చూడరా" అని నాకు ఫోన్. (ఇంజినీరింగ్ చదివినవాడికి టీవీ రిపేరు రావాలని మనవాళ్ళ నమ్మకం.) ఏ స్పేరూ పోలేదు, శబ్దం బ్రహ్మాండంగా ఉంది. మరి దీన్ని చంపిందెవరు? అది తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

రిసీవర్ అంటే మొదట్లో రేడియో ట్యూనరూ ఆంప్లిఫయరూ ఒకే డబ్బాలో పెట్టింది, అంతే. 1982లో డాల్బీ సరౌండ్, 1987లో ప్రో లాజిక్ ఇళ్ళలోకి వచ్చాక దానికి సినిమా యావ పట్టింది. రెండు చానెళ్ళలో నాలుగు చానెళ్ళు ఇరికించి పంపడం ప్రో లాజిక్ కిటుకు. వెనక స్పీకర్లకు వచ్చేది ఒకే మోనో సిగ్నల్, అదీ 7 కిలోహెర్ట్జ్ దాటదు. ఆ మాత్రానికే వీసీఆర్ ఉన్నవాళ్ళు మురిసిపోయారు.

1995లో లేజర్‌డిస్కుల మీద ఏసీ-3 వచ్చింది. మనం తర్వాత డాల్బీ డిజిటల్ అని పిలిచింది దీన్నే. నిన్నగాక మొన్న ప్రో లాజిక్ రిసీవర్ కొన్నవాడు నెత్తిన గుడ్డేసుకోవాల్సిందే కదా? అందరూ వేసుకోలేదు. కొన్ని రిసీవర్ల వెనకాల ఆరు ఆర్‌సీఏ చిల్లులు పెట్టారు. కొత్త ఫార్మాట్ డీకోడర్ బయట విడిగా కొనుక్కో, ఆరు వైర్లు వీటిలో గుచ్చు, వాల్యూమూ పవరూ నేను చూసుకుంటా అని దానర్థం. 1997లో అమెరికాలో డీవీడీ వచ్చినప్పుడు ప్లేయర్లోనే డీకోడర్ ఉంటే ఆ చిల్లులే పనికొచ్చాయి. ఎస్ఏసీడీ, డీవీడీ-ఆడియోలకీ అవే. మన భాషలో చెప్పాలంటే అంతకంటే స్థిరమైన ఏపీఐ ఆ పెట్టెకి మళ్ళీ రాలేదు. లోపల ఏం మారినా బయట కాంట్రాక్టు మారలేదు.

2002 డిసెంబరులో హెచ్‌డీఎంఐ మొదటి వెర్షన్ వచ్చింది. బొమ్మా శబ్దమూ ఒకే వైరులో. వైర్ల చిక్కు వదిలిందని అందరూ సంతోషించారు, నేనూ కాదనను. కానీ ఆ వైరులో హెచ్‌డీసీపీ అనే తాళం కూడా వచ్చింది. ఎవరూ కాపీ కొట్టకూడదని మధ్యలో ఉన్న ప్రతి పెట్టెనీ నువ్వెవరని అడుగుతుంది. అంతవరకూ శబ్దం మాత్రమే చూసుకున్న రిసీవర్ ఇప్పుడు బొమ్మకి కూడా గుమ్మమైంది. గుమ్మం చిన్నదైతే ఇల్లంతా చిన్నదే. 2009లో 1.4 వచ్చి త్రీడీ అంది, 2013లో 2.0 వచ్చి 4కే 60 ఫ్రేములంది, అదే ఏడాది హెచ్‌డీసీపీ 2.2 వచ్చి పాత తాళంచెవులు చెల్లవంది. ప్రతిసారీ నిక్షేపంలాంటి ఆంప్లిఫయర్లు అటకెక్కాయి.

కొత్తది కొన్నవాళ్ళైనా సుఖపడ్డారా అంటే అదీ లేదు. ఆంకియో 2009-2012 మధ్య చేసిన కొన్ని మోడళ్ళలో డిజిటల్ బోర్డు పోయి శబ్దమే రాకుండా పోయేది. అమెరికాలో 2018 చివరిదాకా వాటికి ఉచిత రిపేరు ఇవ్వాల్సొచ్చింది. 2020లో డెనాన్, మరాంజ్, యమహా కొత్త హెచ్‌డీఎంఐ 2.1 రిసీవర్లు కొన్నవాళ్ళకి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌తో 4కే 120 హెర్ట్జ్ పెడితే నల్ల తెర. చిప్పులోనే బగ్గు! సాఫ్ట్‌వేర్ అయితే ప్యాచ్ వదిలేవాళ్ళం. 2021లో డెనాన్, మరాంజ్‌లవాళ్ళు బయట తగిలించుకోడానికి ఒక చిన్న డబ్బా ఉచితంగా ఇచ్చారు, యమహా బోర్డులే మార్చింది. బయట విడిగా ఒక డబ్బా... అంటే తిరిగి తిరిగి 1995కే వచ్చారన్నమాట.

బాబాయి రిసీవర్ వెనకాల చూస్తే ఆ ఆరు చిల్లులూ దుమ్ముపట్టి ఉన్నాయి. వాటిలోకి గుచ్చడానికి ఇంట్లో ఏమీ లేదు, ఇప్పటి స్ట్రీమింగ్ పుల్లలకి అలాంటి అవుట్‌పుట్లు ఉండవు. చివరికి పుల్లని నేరుగా టీవీకే పెట్టి, టీవీ నుంచి రిసీవర్‌కి ఆప్టికల్ వైరు లాగాను. మూడొందల వైరు. 4కే బొమ్మ వచ్చింది, ఐదు స్పీకర్లూ సబ్‌వూఫరూ మోగాయి.

"అట్మాస్ మాత్రం రాదు బాబాయ్" అన్నాను, కాస్త మొహమాటంగా.

"అదేంట్రా?"

"పైకప్పు మీంచి శబ్దం వస్తుంది."

"పైన ఎలాగూ అద్దెకున్నవాళ్ళు ఉన్నారుగా" అని వాల్యూమ్ పెంచాడు.