మా ఇంటి ఖారిష్‌కి ఒక తారీఖ్

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, తారీఖ్ అంటే చరిత్ర కూడా. మా ఆపా చేతులకి ఈ ఖారిష్ ఎప్పుడు ముదిరిందని ఎవరైనా అడిగితే అమ్మీ తేదీ చెప్పేది కాదు. "తెల్లదోమ ఏడాది" అనేది. అంటే 1987. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి మీద బతికిన ఇళ్లలో ఆ మాటకి వివరణ అక్కర్లేదు.

అప్పటికి పదిహేనేళ్లుగా మా వైపు పత్తే బంగారం. వరలక్ష్మి వంటి హైబ్రిడ్లు వచ్చాక పొగాకు పొలాలు, జొన్న పొలాలు పత్తిలోకి మారాయి. పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట పేర్లు చెబితే జిన్నింగ్ మిల్లులే గుర్తొచ్చేవి. పురుగుకి మందు, మందుకి మొండికేసిన పురుగు, దానికి ఇంకో మందు. సింథటిక్ పైరిత్రాయిడ్లు విపరీతంగా కొట్టేసరికి పురుగుని తినే మిత్రపురుగులు పోయాయి, తెల్లదోమ మిగిలింది. ఆకు నల్లబడి, పంట పోయి, అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చున్నారు. రైతుల ఆత్మహత్యల గురించి ఈ దేశం మొదట గట్టిగా విన్న చోట్లలో మా ప్రకాశం, గుంటూరు ఉన్నాయి. అబ్బా కౌలుకి చేసింది రెండెకరాలే. అల్లాహ్ దయ వల్ల అబ్బా మాకు మిగిలాడు. పొలం మాత్రం మిగల్లేదు.

అందుకే ఆ జనవరిలో అమ్మీ, ఆపా మిరపకాయలు తొడిమలు తీసే పనికి వెళ్లారు. నాకప్పుడు ఏడేళ్లు, ఆపాకి పదిహేను.

ఆ పని తెలియనివాళ్ల కోసం చెబుతాను. కల్లంలో ఎండిన కాయ టిక్కీల్లో యార్డుకి చేరుతుంది. తొడిమ తీసిన కాయకి ధర వేరు. ఆ తీసేది ఆడవాళ్లే, కిలోకి ఇంత అని కూలి. రేకుల షెడ్డులో ముక్కుకి చీరచెంగు, ఒడినిండా కాయ. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోదు. కాయలోని కాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అమ్మీ చదువుకోలేదు గానీ ఈ సంగతి ఆమెకి తెలుసు. ముందు నూనె రాసుకుని, తర్వాత సబ్బుతో కడిగేది. అమెరికాలో 1981లో ఒక వైద్య పత్రికలో చైనా వంట కోసం మిరపకాయలు తరిగి చేతులు మండిన మనిషి కథ వచ్చింది. ఆ బాధకి "హునాన్ హ్యాండ్" అని పేరు కూడా పెట్టారు. గుంటూరు యార్డుకి ఎవరూ రాలేదు కాబట్టి గానీ, వచ్చి ఉంటే ఆ పేరు మనదే అయ్యేది.

అసలు మిరప మనది కాదు కూడా. పోర్చుగీసు ఓడల్లో అమెరికా ఖండం నుంచి వచ్చింది. అంతకుముందు మన తాతముత్తాతల సాలన్‌లో కారమంటే మిరియాలే. కాయ ముట్టుకుంటే నిప్పు తగిలినట్టు ఎందుకుంటుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. వేడిని పసిగట్టే నరాల తలుపునే కాప్సైసిన్ తెరుస్తుంది. అంటే చెయ్యి కాలదు, కాలిందని మెదడుకి ఖబర్ వెళుతుంది. దానికి ఆయనకి 2021లో నోబెల్ వచ్చింది.

అమ్మీ చేతులు ఆదివారానికి సర్దుకునేవి. ఆపావి సర్దుకోలేదు. ఆపాకి పసితనం నుంచే మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక దద్దు ఉండేది. చలికాలంలో ఎర్రబడేది, గీరుకుంటే నీరు కారేది, ఆరాక చెక్కు కట్టేది. మిరప పనితో అది వేళ్లకి పాకింది. వేళ్ల కీళ్ల దగ్గర చర్మం పగిలి, పిండి కలపడానికి కూడా పనికిరాలేదు. షెడ్డులో పక్కన కూర్చునే ఆడవాళ్లు దూరం జరిగారు. "గజ్జి" అన్నారు.

ఆ ఒక్క మాట మా ఇంటిని ఎన్నేళ్లు తినేసిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

గజ్జి వేరు, తామర వేరు, ఎగ్జిమా వేరు. గజ్జి ఒక సన్న పురుగు వల్ల వస్తుంది, అంటుకుంటుంది. తామర బూజు జాతిది, ఉర్దూలో దాద్, అదీ అంటుకుంటుంది. ఎగ్జిమా అంటుకోదు. ఒకే తాలీలో తిన్నా, ఒకే చాప మీద నమాజు చదివినా, ఒకే పక్క మీద పడుకున్నా అంటుకోదు. ఈ తేడా కనుక్కునే దారిలో మన బుజుర్గుల హిస్సా కూడా ఉంది. పదో శతాబ్దంలో అహ్మద్ అల్ తబరీ, పన్నెండో శతాబ్దంలో ఇష్బీలియాలో (ఇప్పటి స్పెయిన్‌లోని సెవిల్) ఇబ్న్ జుహ్ర్, చర్మం కింద కదిలే ఆ పురుగు గురించి రాశారు. యూరప్‌లో దాన్ని సూక్ష్మదర్శినిలో చూసి బొమ్మ గీసింది 1687లో.

ఎగ్జిమాకి యునానీ తిబ్బులో పేరు నార్-ఎ-ఫార్సీ, ఫార్స్ దేశపు నిప్పు. ఎగ్జిమా అనే గ్రీకు మాటకి అర్థం ఉడికి పొంగడం. రెండు భాషలవాళ్లు ఒకే బాధని చూసి ఒకే పోలిక పట్టుకున్నారు. హకీములు దీన్ని అఖ్లాత్ లెక్కలో చూశారు. దమ్, బల్గమ్, సఫ్రా, సౌదా, ఈ నాలుగిట్లో తూకం తప్పి ఖూన్ చెడిందని వాళ్ల తష్ఖీస్. అందుకే ముసఫ్ఫీ-ఎ-ఖూన్ మందులు. శాహ్‌తరా, చిరాయతా, ముండీ, ఉన్నాబ్, వేప.

అబ్బా ఆపాని గుంటూరులో ఒక హకీమ్ సాబ్ దగ్గరికి తీసుకెళ్లాడు. నబ్జ్ పట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నారాయన. చేదు జోషాందా, పర్హేజ్ చీటీ ఇచ్చారు. వంకాయ, గోంగూర, ఎండుచేప, పెద్దమాంసం మానాలి. చీటీ చూసి అమ్మీ "ఇక మన ఇంట్లో వండడానికి ఏం మిగిలింది" అంది. ఖూన్ సాఫ్ చేస్తే ఎగ్జిమా పోతుందన్న మాట ఇవాళ్టి వైద్యం ఒప్పుకోదు. కానీ ఆ హకీమ్ సాబ్ రెండు పనులు సరిగ్గా చేశారు. ఇది అంటుకునేది కాదని అబ్బాకి నచ్చజెప్పారు. వేడినీళ్ల స్నానం, గరుకు సబ్బు మానిపించి, కొబ్బరినూనె మర్హమ్ ఇచ్చారు. ఆపా ఆ ఎండాకాలం హాయిగా నిద్రపోయింది. యునానీ ఈ దారి వదిలేయలేదు. హైదరాబాద్ ఎర్రగడ్డలో కేంద్ర ప్రభుత్వానికి చర్మవ్యాధుల కోసం యునానీ పరిశోధన సంస్థ ఉంది. బర్స్, అదే బొల్లి, కోసం అక్కడికి మన జిల్లాల నుంచి ఎందరో వెళుతుంటారు.

బట్టల సంగతి ఒకటి. మా వీధి చివర నూర్‌బాషా తాతగారు దూది ఏకేవారు. పరుపులకి దూది ఏకడం ఆయన పుట్టుకతో వచ్చిన హునర్. విల్లు తీగ మోగుతుంటే పిల్లలం చుట్టూ చేరేవాళ్లం. బాగ్దాదులో 922లో షహాదత్ పొందిన మన్సూర్ హల్లాజ్ పేరులో హల్లాజ్ అంటే దూది ఏకేవాడేనని స్కూల్లో ఉస్తాద్ చెప్పినప్పుడు నేను ఇంటికి పరిగెత్తి ఆయనకే చెప్పాను. ఆయన మెత్తని పాత నూలు పంచె ఒకటి ఆపాకి ఇచ్చి, పైట కింద ఇది వేసుకో బేటీ అన్నారు. ఇవాళ డాక్టర్లూ నూలే వేసుకోమంటారు. ఉన్ని, గరుకు నైలాను వద్దంటారు.

పట్టు మాటేమిటి? మగవాళ్లకి పట్టు మనాహీ కదా. కానీ ఖారిష్‌తో బాధపడుతున్న జుబైర్ (ర), అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర)లకి ప్రవక్త (స) పట్టు చొక్కాకి ఇజాజత్ ఇచ్చారని బుఖారీ, ముస్లింలో ఉంది. ఈ రివాయత్ చూపించి ఎగ్జిమా పిల్లలకి ఖరీదైన పట్టు బట్టలు అమ్మేవాళ్లు ఉన్నారు. బ్రిటన్‌లో 300 మంది పిల్లల మీద జరిపిన పరీక్ష ఫలితం 2017లో వచ్చింది. మామూలు వైద్యానికి పట్టు బట్టలు చేర్చినందువల్ల చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. నాకిందులో ఇబ్బందేమీ లేదు. ఆ హదీసులో నేను చదువుకున్నది రుఖ్సత్, బాధలో ఉన్న మనిషికి సడలింపు. దాన్ని దుకాణం బోర్డు చేసింది మనం.

జైతూన్ నూనె మీద కూడా నాకు ఇంట్లో తిట్లు పడ్డాయి. తినడానికి దాని బర్కత్ దానికుంది. కానీ పెద్దవాళ్ల చర్మం మీద చేసిన, 2013లో వచ్చిన ఇంగ్లండ్ అధ్యయనంలో జైతూన్ నూనె చర్మపు పైపొరని బలహీనం చేస్తుందని, పొద్దుతిరుగుడు నూనె చెయ్యదని తేలింది. అసలు జబ్బు ఆ పైపొరలోనే ఉంది. చర్మం ఇటుకల గోడ అనుకుంటే, దాన్ని గట్టిగా పట్టి ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ కొందరిలో పుట్టుకతోనే తక్కువ. ఈ లింకు 2006లో స్కాట్లండ్‌లోని డండీలో పనిచేసే శాస్త్రవేత్తల బృందం పట్టుకుంది. గోడకి బీటలుంటే లోపలి తేమ బయటికి, బయటి మిరపఘాటు లోపలికి. మా ఆపా కథ మొత్తం ఈ వాక్యంలో ఉంది.

ఇంతకీ ట్యూబు.

అమెరికాలో ఫిలిప్ హెంచ్ 1948లో కీళ్లవాతం రోగికి కార్టిజోన్ ఇస్తే మంచానపడ్డ మనిషి లేచి నడిచింది. 1950లో నోబెల్. 1952లో సల్జ్‌బర్గర్, విట్టెన్ అనే ఇద్దరు దాని సోదర మందు హైడ్రోకార్టిజోన్‌ని ఎగ్జిమా మీద పూతగా వాడి చూపించారు. వేల ఏళ్ల నార్-ఎ-ఫార్సీకి మొదటిసారి నీళ్లు దొరికాయి. 1960లలో బీటామెథాసోన్, 1970లలో క్లోబెటసాల్, ఒకదాన్ని మించి ఒకటి తాకత్ ఉన్నవి వచ్చాయి. ఇవి మంచి మందులే. ఎంత తాకత్‌ది, ఎక్కడ, ఎన్నాళ్లు అని తెలిసిన చేతిలో మంచి మందులే.

మా ఇంటికి వచ్చింది తెలియని చేతిలోంచి. ఒక ఆర్‌ఎంపీ రాసిచ్చాడు. మూడో రోజుకి ఆపా వేళ్లు పసిపాప వేళ్లలా అయ్యాయి. అమ్మీ రెండు రకాతులు షుక్రానా చదివింది. మానేస్తే రెట్టింపు వచ్చింది, మళ్లీ రాసింది. రిష్తాలు చూసే రోజులు, మొహం తెల్లగా మెరుస్తోందని ఎవరో అంటే మొహానికీ రాయడం మొదలుపెట్టింది. ఆ తెల్లదనం రెండేళ్లు ఉంది. తర్వాత చెంపల మీద సన్నని ఎర్ర నరాలు తేలాయి, ఎండలోకి వెళితే మంట, నూగు వెంట్రుకలు. చూసి వెళ్లినవాళ్లు "అమ్మాయికి ఏదో జిల్ద్ బీమారీ అట" అని కబురు పంపారు. జబ్బు చేతులది. మొహానిది మందు చేసిన పని. ఎవరికి చెప్పగలం?

ఆపాకి ఇరవై ఎనిమిదేళ్లకి నికాహ్ అయింది. దానికి ముందు ఏడాది ఒక చర్మ డాక్టరమ్మ ఆమెని ఓపిగ్గా బయటికి లాగింది. మొహానికి ట్యూబు ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించింది. స్నానం అయిన వెంటనే తడి పూర్తిగా ఆరకముందే వాజిలిన్ లాంటిది రాయమంది. వుజూ తర్వాత ప్రతిసారీ చేతులకి రాయమంది. రోజుకి ఐదుసార్లు తడిసి ఆరే చేతులవి, తుడుచుకుని వదిలేస్తే పగలక ఏమవుతాయి. చేతులు రేగినప్పుడు మాత్రం స్టెరాయిడ్, అదీ కొన్ని రోజులు, లెక్కతో. వేలి చివరి కణుపు పొడుగున పిండితే వచ్చేది రెండు అరచేతులంత మేరకి సరిపోతుంది. మిరప పని మానమంది. ఆపా మానలేదు, మానే వీలు లేదు. నూలు తొడుగు మీద రబ్బరు తొడుగు వేసుకుంది. షెడ్డులో దొరసాని అన్నారట.

పొలాల్లో తిరిగే మగవాళ్లకి ఇంకో బెడద, వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అంటారే, అది. 1950లలో పుణె దగ్గర కనబడి దేశమంతా పాకింది. గోధుమల దిగుమతితో వచ్చిందంటారు. దాని పొడి గాలిలో లేచి మొహం, మెడ, మోచేతులు, చొక్కా దాచని చోటల్లా దద్దుర్లు లేపుతుంది. అబ్బా మెడ మీది నల్లటి మందపు చర్మం ఎండదని మేమంతా అనుకున్నాం. గట్ల మీది ఆ గడ్డి పీకడం మానాక, ఒంటినిండా గుడ్డ కప్పుకోవడం మొదలెట్టాక తగ్గింది.

స్టెరాయిడ్, బూజు మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబులు మాత్రం కిరాణా సామానులా అమ్ముడుపోతూనే వచ్చాయి. తామర మీద రాస్తే దురద అణిగి, లోపల తామర పెరుగుతుంది. చర్మ వైద్యుల సంఘం ఏళ్ల తరబడి మొత్తుకున్నాక, 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. రూలు కాగితం మీద ఉంది. దుకాణాల సంగతి మీకూ తెలుసు.

పోయిన నెల ఆపా ఫోన్ చేసింది. ఆమె మనవడికి పది నెలలు. మోచేతి మడతల్లో అదే ఎరుపు. వాడి దాదీ మెడికల్ షాపు నుంచి ట్యూబు తెచ్చిందట. "దాని మీద సన్న అక్షరాలున్నాయి, నా కళ్లకి ఆనట్లేదు, ఫోటో పెడతాను, చదివి చెప్పు" అంది. చదివాను. మొదటి పేరు క్లోబెటసాల్. తర్వాత ఇంకో రెండు. పక్కన ఎర్రగీత.

"అదేనా?" అంది ఆపా.

"అదే" అన్నాను.

ఫోన్ పెట్టకుండానే లేచినట్టుంది. గాజుల చప్పుడు వినిపించింది, తర్వాత బీరువా తాళం. మర్నాడు వాణ్ణి ఎత్తుకుని గుంటూరు బస్సెక్కింది.