చిన్న జేబుకు పాత నాణేలు

పాత నాణేలు పోగుచేయడం డబ్బున్నవాళ్ల సరదా అనుకుంటాం. కానీ తెలంగాణ ప్రాచీన చరిత్రను మలుపు తిప్పిన నాణేల్లో చాలావరకు సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రలోహపు ముక్కలే. అస్మక జనపదపు రాజధాని పోదన నేటి బోధనేనని చాలామంది చరిత్రకారుల మాట. అక్కడికి తూర్పున, గోదావరి గట్టు మీది కోటిలింగాలలో దొరికిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివి ప్రకటించాకే గోబద, నారన, సమగోప అనే పాలకుల పేర్లు లోకానికి తెలిశాయి. అలాంటి ముక్క సంతలో చవగ్గా దొరికితే కొనకూడదా అంటారు. ఏ ఊరి మట్టిలోంచి వచ్చిందో చెప్పలేని నాణెం సగం మూగది. పైగా నకిలీలకు కొదవ లేదు. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలపాలన్నది 1878 నాటి చట్టం.

అందుకే ఇందూరు, బోధన్ వైపు చిన్న జేబువాడికి నిజాంల హైదరాబాద్ రాజ్యపు నాణెం హాలీ సిక్కాయే మేలు. ప్రాచీనం కాదన్న మాట నిజమే, అయితే చదవడం నేర్పేది అదే. వెండి రూపాయి మీది చార్మినార్ ద్వారంలో ఉర్దూ మీమ్ అక్షరముంటే నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, ఐన్ ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఇక నడుమ చిల్లున్న రెండు పైల కంచు బిళ్లకు వెండి ధరతో పనే లేదు. 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసేనాటికి రాజ్యమంతటా నడిచింది హాలీ సిక్కాయే. 1950లో భారత రూపాయి వచ్చాక ఏడు హాలీలకు ఆరు రూపాయల లెక్కన మారింది. పూర్తిగా రద్దయింది 1959లో.