కడసారి చూపు

దశరథ మహారాజు పుత్రశోకమున ప్రాణములు విడిచిన నాటికి ఆయన నలుగురు కుమారులలో ఒక్కడును అయోధ్యలో లేడు. రామలక్ష్మణులు అరణ్యమునకు వెడలిరి. భరతశత్రుఘ్నులు కేకయదేశమున మేనమామ యింట నుండిరి. కుమారుడు లేక దహనసంస్కారము జరుపుట కిష్టపడని మంత్రులు రాజదేహమును తైలద్రోణిలో నుంచి దూతలను పంపిరి. భరతుడు ఏడురాత్రులు మార్గమున గడపి వచ్చిన పిమ్మట, దేహమును నూనెనుండి వెలికిదీసి నేలపై నుంచగా, ముఖము పసుపువన్నె దాల్చి, రాజు నిద్రించుచున్నట్లే యుండెనని వాల్మీకి వర్ణించెను. మృతదేహమును చెడకుండ నిలుపు విద్యను గూర్చి యోచించునపుడెల్ల నాకీ ఘట్టమే మొదట స్ఫురించును. ఏలయన, నేడు ఎంబామింగు అని పిలుచు ఆ విద్యను కుటుంబములు కోరుటకు మూలము, మరణించిన చోటికిని ఆ మరణమునకై విలపించువారికిని నడుమ గల దూరమే యని నా నిశ్చయము.

ఈజిప్టువారి యుద్దేశము వేఱు. వారు దేహమును నేట్రాను అను లవణముతో ఎండించి, నారబట్టలతో చుట్టి, డెబ్బది దినములు సంస్కరించినది పరలోకజీవనమున ఆ దేహము అక్కఱపడునను నమ్మికచేతనే గాని, చూడవచ్చు బంధువుల కొఱకు గాదు. నేటి పద్ధతి శరీరశాస్త్రజ్ఞుల శోధనాగారములలో పుట్టినది. 18వ శతాబ్దమున లండనులో విలియం హంటరు నెత్తురు నడచిన త్రోవనే మందును నడపి, ధమనులద్వారా దేహమంతటికిని ద్రావణము నెక్కించెను. ప్యారిసులో గనాల్ అను రసాయనవేత్త, పొట్ట కోయకయే మెడలోని ధమని గుండ అల్యూమినియం లవణముల నెక్కించి దేహమును నిలుపవచ్చునని చూపి, 1838లో ఈ విద్యాచరిత్రనే గ్రంథముగ ప్రకటించెను.

అయినను ఇది సామాన్యుల గడపకు వచ్చినది అమెరికా అంతర్యుద్ధకాలమున. 1861 మే 24న ఎల్మర్ ఎల్స్‌వర్త్ అను యువ కర్నలు, అలెగ్జాండ్రియాలో ఒక సత్రము మీది శత్రుపతాకమును దింపి మెట్లు దిగుచుండగా, సత్రపు యజమాని తుపాకి దెబ్బకు కూలెను. లింకనునకు పరమాప్తుడైన ఆ యువకుని దేహమును థామస్ హోమ్స్ అను వైద్యుడు సిద్ధపఱుపగా, వైట్‌హౌసులో నుంచి అంతిమగౌరవము జరిపిరి. ఆ ముఖము చూచినవారి మాట ఊరూర వ్యాపించెను. వందలమైళ్ల దూరమున రణభూమిలో పడిన బిడ్డను పరాయిమట్టిలో విడువలేని తలిదండ్రులు, ఒక్కమాఱు ఆ ముఖము చూచి ఊరి స్మశానమున పూడ్చుకొనగోరి, కష్టార్జితము నర్పించిరి. హోమ్స్ నాలుగువేలకు పైగా దేహములను సిద్ధపఱచితినని చెప్పుకొనెను. దుఃఖమును సొమ్ము చేసికొన్న వంచకులును ఆ వెంటనే బయలుదేరిరి. వారి యాగడము పెచ్చుమీఱి, 1865 మార్చిలో సైన్యమే ఈ వృత్తికి అనుమతిపత్రము విధించెను.

మఱుసటి నెలలో లింకనే హతుడయ్యెను. ఏప్రిల్ 21న ఆయన దేహముతో వాషింగ్టనునుండి బయలుదేరిన రైలు మే 3న స్ప్రింగ్‌ఫీల్డు చేరెను. నగరనగరమునను పేటిక తెఱచి చూపుచుండగా ముఖము నల్లబాఱజొచ్చెను. వెంట వచ్చిన నిపుణుడు మాటిమాటికి దానిని దిద్దవలసి వచ్చెను. 1862లో మరణించిన కుమారుడు విల్లీ పేటికయు తండ్రితోబాటు అదే రైలులో సాగెను.

ఫార్మాల్డిహైడునకు కండను గట్టిపఱచు గుణము గలదని 1893లో ఫెర్డినాండ్ బ్లూమ్ గుర్తించిన పిదప, అంతవఱకు ద్రావణములలో వాడుచుండిన పాషాణాది విషములు క్రమముగ తొలగిపోయెను. నేడు దేహమును కడిగి, కన్నులు మూసి, బిగిసిన చేతులను కాళ్లను మెల్లమెల్లగ పిసికి సడలించి, మెడమొదట చిన్న గంటు పెట్టి, ధమనిలో గొట్టము జొనిపి, ఫార్మాలిను, ఆల్కహాలు, గ్లిసరిను, రంగు కలిపిన ద్రావణమును యంత్రముతో ఎక్కింతురు. సిరగుండ నెత్తురు వెలికివచ్చును. చేతివ్రేళ్ల కొనలు లేతగులాబివన్నె కెక్కినపుడు మందు అచటికి చేరెనని గుర్తు. వాల్మీకి చెప్పిన ఆ పసుపువన్నెకు ఇన్నియుగములకు దొరకిన జవాబు ఇదియే. ఫార్మాల్డిహైడు మాంసకృత్తులను ఒండొంటితో ముడివేయును. అట్లు ముడిపడినది సూక్ష్మజీవులకు ఆహారము కాజాలదు.

అందఱును ఇంటనే యున్నచోట ఇది అనవసరమని నా అభిప్రాయము. ఒకరాత్రికి ఫ్రీజరు పెట్టె చాలును. కాని కూలికై గల్ఫునకు పోయిన కరీంనగరు, నిజామాబాదు బిడ్డల విషయమట్లు గాదు. మరణధ్రువపత్రము, రాయబార కార్యాలయపు అనుమతి, వీనితోబాటు ఎంబామింగు ధ్రువపత్రము లేనిదే ఆ పెట్టె విమాన మెక్కదు. శంషాబాదునుండి ఊరు చేరిన పేటికకడ నిలుచు బంధువులకు ఒక్కమాట: ఆ మందు బలము కొలది దినములదే. తల్లి కన్నులార చూచిన పిమ్మట ఇక జాగు చేయకుడు.