కెరటాల చెంత కుటుంబ చిత్రం
వెలుగు, గాలి, పోటు తెలిస్తే చిత్రమూ పదిలం... ప్రాణమూ పదిలం

భీమునిపట్నం: సెలవు దొరికితే చాలు, కుటుంబాలకు కుటుంబాలే సాగరతీరానికి తరలివస్తాయి. తాతయ్యలు, నాయనమ్మలు మొదలు చంకలోని పసిబిడ్డల దాకా అందరూ ఒక్కచోట చేరే అరుదైన సందర్భమది. ఆ ముచ్చటను ఛాయాచిత్రంగా దాచుకోవాలన్న కోరిక సహజం. తీరా ఇంటికి వెళ్లి చూసుకుంటే కొన్నింటిలో ముఖాలు నల్లబడి ఉంటాయి. మరికొన్నింటిలో ఎండకు కళ్లు చికిలించుకుని, కొయ్యబొమ్మల్లా వరుసగా నిలబడిన మనుషులు కనిపిస్తారు. ఇది సరిదిద్దుకోగల లోపమే. సరిదిద్దుకోలేనిది మరొకటి ఉంది. చిత్రం కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడినవారికి వెనుక నుంచి వచ్చే కెరటం కనిపించదు. తీరం స్వభావాన్ని కొంత తెలుసుకుని వెళితే నింపాదైన చిత్రమూ దక్కుతుంది, ఇంటిల్లిపాదీ క్షేమంగానూ తిరిగివస్తారు.

సూర్యుడు ఇక్కడ సముద్రంలో అస్తమించడు

గోవా, కేరళ తీరాల్లో తీసిన చిత్రాలను చూసి, సముద్రంలోకి దిగిపోతున్న సూర్యుని ముందు నిలబడాలని చాలామంది ఆశపడతారు. ఆంధ్ర తీరం తూర్పు తీరం. ఇక్కడ సూర్యుడు సముద్రం వైపున ఉదయించి, ఊళ్ల వెనుక, కొండల వెనుక అస్తమిస్తాడు. కుటుంబ చిత్రానికి ఇది లోటు కాదు, వరమే.

సాయంవేళ సముద్రాన్ని వెనుక ఉంచుకుని నిలబడినవారి ముఖాలపై పడమటి ఎండ నేరుగానో, ఏటవాలుగానో పడుతుంది. కెమెరా పట్టినవారికి వెలుగు వెనుక నుంచో, పక్క నుంచో వస్తుంది. ముఖాలు స్పష్టంగా ఉంటాయి, వెనుక నీటి రంగూ చెదరదు. ఉదయం పూట ఇదే తీరులో నిలబడితే సూర్యుడు వీపు వెనుక ఉండి ముఖాలు చీకటిగా వస్తాయి. అందుకే ఉదయం వెళ్లినవారు సముద్రం వైపు తిరిగి నిలబడాలి. అప్పుడు వెనుక సరుగుడు తోటలో, ఇసుక దిబ్బలో, ఒడ్డుకు లాగిన పడవలో చిత్రంలోకి వస్తాయి. నీడబొమ్మల్లాంటి చిత్రం కావాలనుకునేవారికి మాత్రం ఉదయించే సూర్యుడిని వెనుక ఉంచుకోవడమే సరైన పద్ధతి.

విశాఖపట్నంలో జూన్ మాసంలో సుమారు 5.25 గంటలకు సూర్యోదయం, 6.35 గంటలకు సూర్యాస్తమయం అవుతాయి. డిసెంబరు చివరిలో సూర్యోదయం 6.25 ప్రాంతంలో, అస్తమయం 5.30 ప్రాంతంలో ఉంటాయి. నెల్లూరు వైపు ఇవి కొన్ని నిమిషాలు ఆలస్యమవుతాయి. సూర్యోదయం తరువాత మొదటి గంట, అస్తమయానికి ముందు గంటన్నర మేలైన సమయాలు. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 గంటల వరకు ఎండ నడినెత్తిన ఉండి కళ్ల కింద, ముక్కు కింద నల్లని నీడలు పడతాయి. తీరం వెంట కొండలు, ఎత్తయిన భవనాలు ఉన్నచోట సూర్యుడు పంచాంగంలో చెప్పిన వేళకన్నా ముందే మరుగవుతాడు. అటువంటి తీరానికి మరో అరగంట ముందుగా చేరుకోవాలి. సూర్యుడు మరుగయ్యాక కూడా పదిహేను నిమిషాల పాటు మిగిలే మెత్తని వెలుగు వృద్ధుల ముఖాలకు, పసిపిల్లలకు ఎంతో అనువైనది.

తీరం ఎంపికలోనే సగం పని

ఒక్కో తీరానిది ఒక్కో తీరు. విశాఖ రామకృష్ణా బీచ్‌లో 2002 నుంచి కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల ఉంది. పిల్లలకు అది వినోదమే గానీ, జనసమ్మర్దం వల్ల నిశ్చింతగా నిలబడే చోటు సాయంత్రం దొరకడం కష్టం. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండలోనూ సెలవు దినాల్లో రద్దీ ఎక్కువే. బాపట్ల సమీపాన సూర్యలంక, నెల్లూరు జిల్లాలో మైపాడు పొడవైన ఇసుక తీరాలు. రద్దీకి కొంచెం దూరం నడిస్తే నేపథ్యం ఖాళీగా దొరుకుతుంది. అయితే చిత్రం కోసం దూరం నడిచినవారు నీటిలోకి దిగరాదు. అక్కడ సహాయానికి వచ్చేవారు ఉండరు.

మచిలీపట్నం దగ్గరి మంగినపూడిది నల్లమట్టి తీరం. లేతరంగు ఇసుక ఎండను ముఖాల మీదికి కొంత తిరిగి పంపుతుంది. నల్లమట్టి ఆ పని చేయదు. అటువంటి చోట కళ్ల కింద నీడలు మరింత చిక్కగా పడతాయి. పక్కన ఒకరు తెల్లని తువ్వాలునో, పంచెనో విప్పి పట్టుకుంటే వెలుగు ముఖాలపైకి మళ్లుతుంది. ఖర్చులేని ఈ ఉపాయం ఏ తీరంలోనైనా పనికివస్తుంది.

గోస్తనీ నది కలిసే భీమునిపట్నం, వంశధార కలిసే కళింగపట్నం, వశిష్ఠ గోదావరి కలిసే అంతర్వేది చూడముచ్చటైన చోట్లు. నది, సముద్రం కలిసే ముఖద్వారం వద్ద మాత్రం ప్రవాహం ఎటు లాగుతుందో పైకి తెలియదు. అక్కడ ఒడ్డు నుంచే చిత్రం తీసుకోవాలి.

గాలితో తంటా

మధ్యాహ్నం తరువాత సముద్రం వైపు నుంచి నేల వైపు గాలి వీస్తుంది. సముద్రానికి వీపు పెట్టి నిలబడితే జుట్టంతా ముఖం మీదికి వస్తుంది, చీర కొంగు ముందుకు ఎగురుతుంది. ఒక చేత్తో జుట్టు, మరో చేత్తో కొంగు పట్టుకున్నవారు చిత్రంలో నింపాదిగా కనిపించే అవకాశమే లేదు. కుటుంబమంతా కొంచెం పక్కకు, అంటే తీరం పొడవు వైపు తిరిగి నిలబడితే గాలి చెంపకు తగిలి జుట్టు వెనక్కు పోతుంది. కొంగును నడుముకు దోపుకోవడం, జడ వేసుకోవడం ముందే చేసుకోవాలి. తెల్లవారుజామున గాలి సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. పట్టుచీరల్లో చిత్రం కావాలనుకునేవారికి ఉదయమే మేలు.

అందరూ ఒకే రంగు కట్టుకోవాలన్న నియమం లేదు. ఇసుక రంగు దుస్తులు నేపథ్యంలో కలిసిపోతాయి. మిలమిలలాడే తెలుపు ఎండలో కంటికి గుచ్చుకుంటుంది. నీలం, ఆకుపచ్చ, కాషాయం, మామిడిపండు రంగుల నూలు బట్టలు తీరాన చక్కగా పండుతాయి.

నిలబెడితే బొమ్మలు, వదిలేస్తే మనుషులు

వెనకటి రోజుల్లో స్టూడియోలలో సముద్రం బొమ్మ గీసిన తెర ముందు ఊపిరి బిగబట్టి నిలబడేవారు. ఆ అలవాటు అసలు సముద్రం ముందుకు వచ్చినా పోలేదు. 'నవ్వండి' అనగానే వచ్చే నవ్వు అరక్షణంలో బిగుసుకుపోతుంది. మనిషికి ఏదో ఒక పని అప్పగించడమే దీనికి విరుగుడు. చేతులు పట్టుకుని తీరం వెంట నడవమనాలి. పిల్లలతో ఇసుక గూడు కట్టించి, తండ్రిని పక్కన కూర్చోబెట్టాలి. నాయనమ్మ చేతికి మొక్కజొన్న పొత్తు ఇచ్చి, మనుమరాలికి గింజలు వలిచి పెట్టమనాలి. ఆ పనిలో పడినప్పుడు వారు కెమెరాను మరచిపోతారు.

వృద్ధులను ఇసుకలో ఎక్కువసేపు నిలబెట్టకూడదు. గట్టి ఇసుక మీద కుర్చీనో, చాపనో వేసి వారిని ముందు కూర్చోబెట్టి, మిగిలినవారు వారి చుట్టూ చేరితే చిత్రానికి ఒక కేంద్రం ఏర్పడుతుంది. తలలన్నీ ఒకే ఎత్తున ఉండకుండా కొందరు కూర్చుని, కొందరు మోకాళ్లపై ఆని, కొందరు నిలబడాలి. వృద్ధులున్న చిత్రాన్ని అన్నింటికంటే ముందు తీయాలి. పిల్లలు తడిసిపోయే చిత్రాలను చివరికి ఉంచుకోవాలి. పిల్లలకు వెళ్లేముందే ఏదైనా తినిపించాలి. ఆకలి, నిద్ర ముంచుకొచ్చిన పిల్లవాడిని నవ్వించడం ఎవరి తరమూ కాదు. మొత్తం పని అరగంటలో ముగించి, మిగిలిన సాయంత్రాన్ని వారికే వదిలేయాలి.

కెమెరా చేతబట్టినవారు గమనించవలసినవి

ఆకాశం, నురుగు, ఇసుక అన్నీ కాంతివంతమైనవి. ఆ వెలుగు చూసి కెమెరా మోసపోయి ముఖాలను నల్లగా చూపుతుంది. సెల్‌ఫోన్ అయితే తెరపై ముఖాన్ని తాకి, వెలుగును కొంచెం పెంచాలి. ఆరేడుగురు ఉన్నప్పుడు అంచున నిలబడినవారి ముఖాలు సాగినట్లు కనిపించకుండా ఫోన్‌ను మరీ దగ్గరగా పట్టకుండా, నాలుగడుగులు వెనక్కు వెళ్లి రెండింతలు జూమ్ చేయాలి. చేతి కెమెరా అయితే గుంపు చిత్రానికి అపర్చర్ 5.6 నుంచి 8 వరకు, నడిచేవారికి సెకనులో 250వ వంతు, పరుగెత్తే పిల్లలకు 500వ వంతు లేదా అంతకన్నా వేగవంతమైన షట్టర్ సరిపోతాయి.

సముద్రం, ఆకాశం కలిసే గీత ఒరిగిపోకూడదు. మెడల మీదుగానో, కళ్ల మీదుగానో ఆ గీత పోకుండా కెమెరాను కొంచెం పైకో, కిందికో జరపాలి. పిల్లలను తీసేటప్పుడు మోకాళ్లపై కూర్చుని వారి కంటి ఎత్తుకు దిగాలి. అందరూ కళ్లు తెరిచిన చిత్రం ఒక్కటైనా రావాలంటే వరుసగా ఎనిమిదో, పదో తీసి పెట్టుకోవాలి.

ఉప్పు తుంపర కంటికి కనిపించకుండానే కటకంపై పొరలా పేరుకుని చిత్రాన్ని మసకబారుస్తుంది. ప్రతి పది నిమిషాలకు మెత్తని గుడ్డతో తుడవాలి. ఇసుక రేణువులు ఉంటే ముందుగా ఊది, తరువాతే తుడవాలి. లేకుంటే గీతలు పడతాయి. తీరాన కటకాలు మార్చకూడదు. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ రోజుల్లో రాత్రి వేళ ఫ్లాష్ వెలిగించి వాటిని బెదరగొట్టరాదు. విశాఖ వంటి నౌకాదళ ప్రాంతాల్లో అనుమతి లేకుండా డ్రోన్ ఎగరవేయడం నేరం.

కెరటాన్ని చూసేది ఒక్కరే

సాయంకాలపు చిత్రంలో కుటుంబమంతా సముద్రానికి వీపు పెట్టి ఉంటుంది. సముద్రం వైపు చూస్తున్నది కెమెరా పట్టినవారు ఒక్కరే. వారి చూపేమో తెరపై ఉన్న ముఖాల మీద ఉంటుంది. అంటే ఆ క్షణంలో సముద్రాన్ని గమనించేవారే లేరు. అందువల్ల చిత్రం తీసేవారి పక్కన పెద్దవారిని ఒకరిని కేవలం కెరటాలను చూడటానికే నిలబెట్టాలి. కెరటాలన్నీ ఒకే ఎత్తున రావు. చిన్నచిన్న అలల తరువాత ఒక్కసారిగా పెద్దది వస్తుంది. ఇసుక ఎంతవరకు తడిసి ఉందో చూసి, ఆ గీతకు ఇవతల, పొడి ఇసుకపైనే వృద్ధులను, పసిపిల్లలను నిలబెట్టాలి.

నీటిలో నిలబడి తీయించుకోవాలనుకునేవారు మరొక సంగతి తెలుసుకోవాలి. రెండువైపులా కెరటాలు విరుగుతుండగా, నడుమ ఒకచోట మాత్రం నీరు ప్రశాంతంగా, ముదురు రంగులో కనిపిస్తుంది. చిత్రానికి అదే అందమైన చోటుగా తోస్తుంది. ఒడ్డుకు చేరిన నీరు తిరిగి లోపలికి పోయే వడి అలాంటి చోటే ఉంటుంది. అది మనిషిని లోపలికి లాగేస్తుంది. అందులో చిక్కినవారు ఒడ్డువైపు ఎదురీదకుండా తేలుతూ, తీరానికి సమాంతరంగా పక్కకు ఈదాలి. ఒడ్డున ఉన్నవారు ఒకరి వెనుక ఒకరు దూకకుండా ఖాళీ ప్లాస్టిక్ డబ్బానో, తాడునో విసిరి, 112కు ఫోన్ చేయాలి. పాచి పట్టిన రాళ్లపైకి ఎక్కి నిలబడటం కూడా అంతే ప్రమాదకరం.

రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కు జరుగుతుంది. పౌర్ణమి, అమావాస్యలకు, ఆ తరువాతి ఒకటి రెండు రోజులు పోటు హెచ్చుగా ఉంటుంది. కార్తిక పౌర్ణమి, మాఘ పౌర్ణమి స్నానాలకు కుటుంబాలు తీరానికి పోటెత్తేదీ ఆ రోజుల్లోనే. స్నానాల రోజున చిత్రాలు తీసుకునేవారు మరింత వెనుకగా నిలబడాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర స్థితిపై, ఎత్తయిన అలలపై ముందస్తు హెచ్చరికలు జారీ చేస్తుంది. బయలుదేరే ముందు వాటిని చూసుకోవడం మంచిది.

ఇవి మరవద్దు

• సాయంత్రమైతే సముద్రం వెనుక, ఉదయమైతే సముద్రం ఎదుట.
• వృద్ధుల చిత్రం ముందు, తడిసే చిత్రం చివర.
• ఒకరు కెమెరాపై, మరొకరు కెరటంపై కన్నేసి ఉంచాలి.
• ముఖద్వారాల వద్ద, పాచి రాళ్లపై, ప్రశాంతంగా కనిపించే నీటి పాయలో నిలబడరాదు.
• తీసిన చిత్రాల్లో ఒక్కటైనా కాగితంపై అచ్చు వేయించి, వెనుక పేర్లు, ఊరు, సంవత్సరం రాసిపెట్టాలి.

ఫోన్ మారితే చిత్రాలు పోవచ్చు. గోడకు వేలాడే చిత్రం ఉంటుంది. మనుమలు పెద్దవారై ఆ చిత్రం ముందు నిలబడినప్పుడు నాయనమ్మ నవ్వు అందులో నిజమైనదిగా కనిపించాలి. ఆ రోజు సముద్రానికి వెళ్లినవారంతా ఇంటికి తిరిగివచ్చారన్న సంతోషమూ ఆ నవ్వు వెనుక ఉండాలి.