నెల్లూరు తీరంలో కళాసంస్థల ప్రచార వ్యూహం: ఒక చారిత్రక పరిశీలన

ఒక కళాసంస్థ తాను ఎవరి కోసం పనిచేస్తున్నదో తేల్చుకొని, వారికి అర్థమయ్యే భాషలో, వారికి అందే మార్గాల్లో ఏళ్ల తరబడి తన పనిని తెలియజెప్పుకొనేందుకు తోడ్పడే వృత్తిని నేడు వ్యూహాత్మక ప్రచార సలహా అని వ్యవహరిస్తున్నారు. దీనికి ఆధునిక రూపం అమెరికాలో ఏర్పడింది. దియాగిలెవ్ నడిపిన రష్యన్ బాలే బృందం 1916లో అక్కడ పర్యటించినప్పుడు, ఆ నృత్యం పట్ల ఆసక్తి లేని ప్రేక్షకులను పత్రికల ద్వారా సిద్ధం చేసిన ఎడ్వర్డ్ బెర్నేస్, 1923లో ప్రజాభిప్రాయంపై ఒక గ్రంథం వెలువరించి ప్రజాసంబంధాల సలహాదారు అనే హోదాకు ప్రాచుర్యం తెచ్చాడు. అయితే వృత్తికి పేరు రాకముందే ఆ పని సాగిన చోట్లలో పెన్నా ఒడ్డునున్న నెల్లూరు ఒకటి.

1885లో పూండ్ల రామకృష్ణయ్య నెల్లూరు నుంచి ప్రారంభించిన 'అముద్రిత గ్రంథ చింతామణి' అచ్చుకాని ప్రాచీన కావ్యాలను వెలుగులోకి తెచ్చిన మాసపత్రిక. తాళపత్రాలలో ఉన్న గ్రంథాన్ని అచ్చువేయడంతోనే దానికి పాఠకులు ఏర్పడరు గనుక, విమర్శలకూ పండిత చర్చలకూ చోటిచ్చి పాఠకలోకాన్ని తయారుచేయడం కూడా ఆ పత్రిక తన బాధ్యతగా స్వీకరించింది.

అదే కాలంలో వేదం వేంకటరాయ శాస్త్రి చేసిన ప్రయోగం ఇంకా లోతైనది. 1897 నాటి ఆయన 'ప్రతాపరుద్రీయ' నాటకంలో రాజులూ మంత్రులూ గ్రాంథికంలో మాట్లాడగా, చాకలి పేరిగాడు తన వాడుక మాటల్లోనే మాట్లాడతాడు. పాత్ర హోదాకూ నేపథ్యానికీ తగిన భాషను ఆ పాత్ర నోట పలికించే ఈ పద్ధతిని పాత్రోచిత భాష అంటారు. గ్రాంథికవాదిగా పేరుపొందిన పండితుడే, రంగస్థలం ముందు కూర్చునే జనం ఎవరో గుర్తించి ఇటువంటి మార్పుకు పూనుకోవడం గమనార్హం. నెల్లూరులో ఆయన నెలకొల్పిన ఆంధ్రభాషాభిమాని సమాజం నాటకాలను ప్రదర్శించి ఆ ఆలోచనను జనంలోకి తీసుకువెళ్లింది. ప్రేక్షకుణ్ణి దృష్టిలో ఉంచుకొని కృతినే మలచడం తరువాతి ప్రచార సాధనాలన్నిటికంటె బలమైన వ్యూహమని చెప్పవలసి ఉంటుంది.

20వ శతాబ్దంలో వేదికలు పెరిగాయి. రేబాల లక్ష్మీనరసారెడ్డి పేరిట వెలసిన పురమందిరం సభలకూ నాటకాలకూ నిలయం కాగా, పొట్లపూడిలో పొణకా కనకమ్మ స్థాపించిన సుజనరంజనీ సమాజం చదువును పల్లెకు చేర్చింది. వెంకటగిరి జమీందారీ రైతుల గొంతుగా పుట్టి, నెల్లూరు వెంకట్రామానాయుడు సంపాదకత్వంలో ఎదిగిన 'జమీన్ రైతు' వారపత్రిక జిల్లా ప్రజాజీవితానికి అద్దంపట్టింది.

ప్రచారకులెవరూ లేకుండానే జనాన్ని కూడగట్టిన సంప్రదాయం ఇక్కడ మరొకటి ఉంది. మొహర్రం నెలలో బారా షహీద్ దర్గా వద్ద, స్వర్ణాల చెరువు నీటిలో నిలబడి, విద్య, ఉద్యోగం, వివాహం, సంతానం వంటి కోరికల పేరిట భక్తులు రొట్టెలు మార్చుకొంటారు. కోరిక తీరినవారు మరుసటి ఏడాది తిరిగివచ్చి అదే కోరిక పేరిట రొట్టెను మరొకరికి ఇస్తారు కాబట్టి, ప్రతి భక్తుడూ ఆ పండుగ గురించి చెప్పే సాక్షిగా మారతాడు. రాష్ట్ర విభజన తరువాత ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఏర్పాట్లూ ప్రకటనలూ విస్తరించినా, పండుగకు ప్రాణం ఇప్పటికీ నోటిమాటే.

ఇందుకు భిన్నంగా పూర్తిగా ప్రభుత్వ వ్యూహం నుంచి పుట్టినది ఫ్లెమింగో ఫెస్టివల్. 2001లో మొదలైన ఈ ఉత్సవం పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంసలను, నేలపట్టు రక్షితకేంద్రంలో గూళ్లుకట్టే గూడబాతులను చూపుతూ, సూళ్లూరుపేట వేదికపై సాంస్కృతిక కార్యక్రమాలను జతచేసి యాత్రికులను ఆకర్షించింది. ఆశయం మంచిదే. కానీ అధికార యంత్రాంగంపైనే ఆధారపడినందువల్ల 2020 తరువాత కొన్నేళ్లు ఆగిపోయింది. 2022లో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో చేరగా, ఉత్సవం 2025 జనవరిలో మళ్లీ జరిగింది. పక్షులు నెలల తరబడి ఉంటాయి, ఉత్సవం మాత్రం మూడు రోజుల్లో ముగుస్తుంది. మిగిలిన కాలంలో ఆ నీటిని, ఆ గూళ్లను గురించి సందర్శకులకు చెప్పగలిగినవారు వాటిని తరాలుగా కాపాడుతున్న నేలపట్టు గ్రామస్థులూ, సరస్సుపై బతుకుతున్న మత్స్యకారులూ. ప్రచార ప్రణాళిక వేసేవారు మొదట సంప్రదించవలసినది వారినే.